కెమెరా ముందూ వెనకా: ఇద్దరు మోడళ్ల ప్రేమపై మీ ప్రశ్నలు, మా జవాబులు

మగవాళ్లిద్దరి మధ్య ప్రేమ, అదీ మోడలింగ్‌లో కలిసి పనిచేసేవాళ్ల ప్రేమ గురించి మాకు వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఈసారి జవాబిస్తున్నాం. రాసినవాళ్ల పేర్లు తీసేశాం.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. పెళ్లిబట్టల కేటలాగులకి మోడలింగ్ చేస్తాను. అవే షూట్లకి వచ్చే అబ్బాయీ నేనూ ఎనిమిది నెలలుగా ప్రేమించుకుంటున్నాం. సెట్లో ఎవరికీ తెలీదు. ఫొటోగ్రాఫర్ "ఇంకొంచెం దగ్గరికి జరగండి బాస్" అనగానే నా ఒళ్లు కొయ్యబారిపోతోంది. ఇలాగైతే తెలిసిపోతుందని భయంగా ఉంది. – హైదరాబాద్

ఒళ్లు కొయ్యబారేది ప్రేమ వల్ల కాదు, దాన్ని దాచే శ్రమ వల్ల. పక్కన వేరే మోడల్ ఉంటే భుజం మీద చెయ్యి వేసి ఆ సంగతే మర్చిపోతారు. తనైతే మాత్రం ఆ చెయ్యి ఎక్కడుంది, ఎంతసేపటి నుంచి ఉంది అని లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. కెమెరాకి ముందు దొరికేది మొహం కాదు, వేళ్లు. ఆనీ ఆనకుండా భుజం మీద తేలుతున్న అరచెయ్యి, పైకి లేచిన బొటనవేలు చూస్తే ఎడిటింగ్‌లో కూర్చున్నవాళ్లకి కూడా ఏదో తేడా ఉందనిపిస్తుంది.

అందుకని చెయ్యి వేస్తే బరువంతా వెయ్యండి. భుజం చివర ఎముక మీద కాదు, మెడకీ భుజానికీ మధ్య ఉండే కండ మీద. ఊపిరి బిగపట్టకండి. సగం వదిలేసరికి క్లిక్ పడితే దవడ వదులుగా వస్తుంది. ఒకరినొకరు చూసుకోమన్నప్పుడు ఎదుటివాడి రెండు కళ్లనీ చూడబోతే మన కళ్లు అటూ ఇటూ ఆడతాయి. కెమెరాకి దగ్గరగా ఉన్న కంటినే చూడండి. ఇంట్లో ఫోన్‌ని స్టాండ్‌కి పెట్టి, పది సెకన్ల టైమర్‌తో ఓ అయిదు పోజులు ఇద్దరూ కలిసి సాధన చెయ్యండి. నాలుగైదు రోజుల్లో ఆ పోజులు ఒంటికి అలవాటైపోతాయి, సెట్లో ఆలోచించాల్సిన పని తప్పుతుంది.

నిజానికి గుట్టు బయటపడేది పోజుల్లో కాదు, బ్రేకుల్లో. ఇప్పుడు కేటలాగుతో పాటు రీల్స్ కూడా తీస్తున్నారు కదా. షేర్వాణీ కాలర్ లోపల చిన్న మైకు, నడుముకి ట్రాన్స్‌మిటర్ పెడతారు. "కట్" అన్న తర్వాత కూడా అది ఆన్‌లోనే ఉంటుంది. మేకప్ రూమ్‌లో తన చెవిలో మీరన్న మాట, సౌండ్ చూసుకునేవాళ్ల హెడ్‌ఫోన్స్‌లో ఖంగుమని వినిపిస్తుంది. ఒక్కోసారి రికార్డయి ఫైల్లోకి కూడా వెళ్తుంది. బ్రేక్ చెప్పగానే మ్యూట్ చేయించుకోండి, క్లిప్ మైకైతే తీసి వాళ్ల చేతికే ఇచ్చెయ్యండి. మీ ఫోన్ తెర మీద మెసేజ్ కనిపించే నోటిఫికేషన్ ఆపెయ్యండి. మేకప్ టేబుల్ మీద ఫోన్ వెల్లకిలా పడేసి షాట్‌కి వెళ్లడం అందరికీ అలవాటే. తెర వెనక వీడియోలు తీసే కుర్రాడు ఎక్కడున్నాడో కూడా ఓ కన్నేసి ఉంచండి.

చెప్పాలా వద్దా అనేది మీ ఒక్కరి నిర్ణయం కాదు. మీరు చెబితే తన సంగతీ బయటపడ్డట్టే. ఇద్దరూ ఒప్పుకుంటేనే, ఒప్పుకున్నవాళ్లకే చెప్పండి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పిచ్చినప్పుడు ఎవరిని ప్రేమిస్తాం అన్నది కూడా అందులో భాగమేనని స్పష్టంగా చెప్పింది. దాచుకున్నంత మాత్రాన మీరు ఎవరినీ మోసం చేస్తున్నట్టు కాదు.

పని విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతాం. ఇద్దరికీ కలిపి ఒకే రేటు మాట్లాడుకోకండి, ఒకే ఖాతాలో డబ్బు వేయించుకోకండి. "మీరిద్దరూ వస్తేనే బుకింగ్" అన్న పద్ధతి మొదట్లో సరదాగానే ఉంటుంది. మాటలు లేని రోజున కూడా పొద్దున్నే ఆరున్నరకి పక్కపక్క కుర్చీల్లో మేకప్‌కి కూర్చోవాల్సి వస్తుంది. ఒకరికి జ్వరం వస్తే ఇద్దరి పనీ పోతుంది. నెలలో సగం పనులైనా విడివిడిగా ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: మా ఇద్దరి సంగతి మాకు షూట్లు ఇప్పించే కోఆర్డినేటర్‌కి తెలిసిపోయింది. అప్పట్నించి నాకు బుకింగులు ఆపేశాడు. రెండు షూట్ల డబ్బు 38,000 రావాలి. అడిగితే, మేమిద్దరం ముద్దు పెట్టుకున్న ఫొటో మా నాన్నకి పంపిస్తానంటున్నాడు. కాగితం ఏమీ రాసుకోలేదు. – విజయవాడ

ఇక్కడ ఉన్నవి రెండు గొడవలు. వాటిని కలవనివ్వకండి. డబ్బు గురించి రాసే ఉత్తరంలో ప్రేమ మాట ఒక్కటి కూడా ఉండకూడదు.

ముందు డబ్బు సంగతి. కాగితం లేదంటున్నారు గానీ, "రేపు 6.30 కాల్ (సెట్లో ఉండాల్సిన టైమ్), 14 డ్రెస్సులు, 19,000" అని వాట్సాప్‌లో వచ్చి, మీరు "ఓకే" అన్నారంటే అది ఒప్పందమే. ఆ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. ఫోన్ అమ్మకండి, రీసెట్ చెయ్యకండి. రేపు కోర్టులో చాట్ చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచెయ్యాలి, దానికి అసలు ఫోన్ ఉంటే సులువు. ఆ షూట్ల ఫొటోలు ఎక్కడెక్కడ వాడారో స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. పని జరిగిందనడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. తర్వాత షూట్ తేదీ, బ్రాండు, రావలసిన మొత్తం రాసి, 15 రోజుల గడువు ఇస్తూ మెయిల్ పెట్టండి. కదలకపోతే వకీలు నోటీసు స్పీడ్ పోస్టులో పంపించండి. చాలామంది అక్కడికే దారికొస్తారు. బాకీ కోసం దావా వెయ్యడానికి మూడేళ్ల గడువు ఉంటుంది, కంగారుపడి సగానికి ఒప్పుకోకండి.

ఇక బెదిరింపు. పరువు తీస్తానని భయపెట్టడం భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఫొటో చూపించి ఎదురు డబ్బు గుంజితే 308 కూడా పడుతుంది. చాలామంది స్టేషన్ గడప తొక్కనిది "నా మీదే కేసు పెడతారేమో" అన్న భయంతో. ఆ భయం అక్కర్లేదు. పెద్దవాళ్లిద్దరు ఇష్టపడి చేసుకున్నది నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జులై 1న వచ్చిన కొత్త సంహితలో, ఇలాంటి సంబంధాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 377 లాంటి సెక్షనే లేదు. ఫిర్యాదు ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, అది జీరో ఎఫ్ఐఆర్‌గా నమోదై సంబంధిత స్టేషన్‌కి వెళ్తుంది. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఫొటో నెట్‌లో పెట్టేశాడంటే వెంటనే cybercrime.gov.in లో ఫిర్యాదు చెయ్యండి. లింకు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీశాకే తొలగించమని అడగండి. ముందే తీయించేస్తే సాక్ష్యం పోతుంది. బట్టల్లేని ఫొటోలైతే ఐటీ చట్టంలోని 66ఇ కూడా వర్తిస్తుంది, మూడేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా. అలాంటివాటికి స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు, దాని సంకేతం మాత్రం తీసుకుని, చేతులు కలిపిన సోషల్ మీడియా సంస్థలకి పంపుతుంది. వాళ్ల దగ్గర ఆ ఫొటో ఎక్కబోతే పట్టుకుంటారు.

భయపడి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ఒకసారి ఇస్తే, రెండోసారి అడిగే మొత్తం పెరుగుతుంది.

మీకు నచ్చని నిజం కూడా ఒకటి చెప్పాలి. బుకింగులు ఆపేసినందుకు అతన్ని నిలదీసే చట్టం ఇవాళ లేదు. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు ఆడవాళ్లకే ఉంది. 377 పూర్తిగా పోవడంతో, మగవాడి మీద మగవాడు బలవంతం చేస్తే నేరుగా వర్తించే సెక్షన్ కూడా లేకుండా పోయింది. దెబ్బలు, నిర్బంధం, బెదిరింపు సెక్షన్ల మీదే నడవాలి. ఈ లోటు పూడ్చితీరాలి. అందాకా మన రక్షణ మనం రాయించుకునే మెసేజ్‌లోనే ఉంటుంది. ఇకమీదట ప్రతి బుకింగ్‌కీ తేదీ, కాల్ టైమ్, ఎన్ని గంటలు, ఎన్ని డ్రెస్సులు, రేటు, ఎన్ని రోజుల్లో చెల్లింపు, ఫొటోలు ఎక్కడ ఎంతకాలం వాడతారు అన్నవన్నీ మీరే టైపు చేసి పంపి, అవతలివాళ్ల చేత "సరే" అనిపించుకున్నాకే ఆటో ఎక్కండి.

ప్రశ్న: విశాఖలో పెళ్లిబట్టల బొటిక్ నడుపుతున్నాను. ఈసారి ఇద్దరు మగ మోడళ్లని ఒకరినొకరు పెళ్లాడుతున్న జంటగా చూపించాలని ఉంది. వెకిలిగా కాకుండా హుందాగా రావాలంటే ఏం చెయ్యాలి?

మంచి ఆలోచన. చాలామంది చెడగొట్టుకునేది మొదటి ఫోన్‌లోనే. "ఇద్దరు మగవాళ్ల షూట్" అని పిలిచి, సెట్‌కి వచ్చాక "మీరు జంట" అంటారు. మోడల్ కాదనలేక చేస్తాడు, ఆ ఇబ్బంది ప్రతి ఫ్రేములోనూ కనిపిస్తుంది. "ఇద్దరూ ప్రేమ జంటగా కనిపించాలి, చేతులు పట్టుకోవడం, నుదురూ నుదురూ ఆనించడం ఉంటాయి, ముద్దు ఉండదు" అని బుకింగ్ మెసేజ్‌లోనే విడమరిచి రాయండి. జీవితంలో వాళ్లు ఎవరిని ప్రేమిస్తారన్నది అడగొద్దు. నిజం జంటే దొరికితే ఫొటోలు బాగుంటాయి, సందేహం లేదు. కానీ అది వాళ్లంతట వాళ్లు చెబితేనే.

బట్టల్లో పెద్ద పొరపాటు, ఇద్దరికీ అచ్చం ఒకేలాంటివి వెయ్యడం. అలా వేస్తే జంటలా కాదు, ఒకే ఇంటి అన్నదమ్ముల్లా కనిపిస్తారు. ఇద్దరికీ గంధం రంగు పట్టుపంచెలే కట్టించండి, కానీ ఒకరికి మెరూన్ అంచు, ఇంకొకరికి ఆకుపచ్చ అంచు. మెరూన్ అంచు అబ్బాయి కండువాకి ఆకుపచ్చ, ఆకుపచ్చ అబ్బాయి కండువాకి మెరూన్. ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఒకరిది ఒకరి మీద ఉన్నట్టు చూసేవాళ్లకి తెలిసిపోతుంది. మనకున్న పెళ్లి ముచ్చట్లలో కెమెరాకి అన్నిటికంటే బాగా ఒదిగేది బాసికం కట్టడం. ఒకరు పీట మీద కూర్చుని తల కొంచెం వంచుతారు, రెండోవారు వెనక నిలబడి ముడి వేస్తారు. ఆ వేళ్లు, మెడ మీద కొత్తగా కత్తిరించిన జుట్టు, చెవి పక్కన జారిన పసుపు దారం, ఇంత దగ్గరగా తియ్యండి. కౌగిలింతల ఫొటోలు పది తీసినా ఈ ఒక్కదానికి సాటిరావు.

కెమెరా సంగతులు. ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా ఉన్నప్పుడు పక్క నుంచి ఒకే లైటు పెడితే ఒకరి మొహం వెలిగి, రెండోవారి మొహం నీడలో పోతుంది. సాఫ్ట్‌బాక్స్‌ని (వెలుగుని మెత్తబరిచే గుడ్డ పెట్టె ఉన్న లైటు) కెమెరా వైపు నుంచి 45 డిగ్రీల్లో, తలల కంటే ఎత్తులో పెట్టి, అవతలి పక్క తెల్ల థర్మకోల్ షీటు నిలబెట్టండి. 85 ఎంఎం లెన్సు మంచిదే. కానీ లెన్సు బాగా తెరిచి ఎఫ్ 1.8లో తీస్తే ఒకరి కళ్లు స్పష్టంగా, ఇంకొకరివి మసగ్గా వస్తాయి. జంట ఫొటోలో అది చాలా అన్యాయంగా కనిపిస్తుంది. ఎఫ్ 4 నుంచి 5.6 మధ్య ఉంచి, ఇద్దరి కళ్లూ లెన్సుకి ఒకే దూరంలో ఉండేలా నిలబెట్టండి. గంధం రంగు పట్టు మెరిసి జరీ గీతలు తెల్లగా పోతాయి కాబట్టి ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి తియ్యాలి. ఎత్తులో మూడంగుళాలకు మించి తేడా ఉంటే పొట్టి అబ్బాయి కాళ్ల కింద చెక్కపెట్టె వెయ్యండి, లేదంటే కూర్చున్న పోజులు ఎంచుకోండి. పొడవాటి అబ్బాయిని "వరుడి"గా, పొట్టి అబ్బాయిని "వధువు"గా నిలబెట్టే అలవాటు మాత్రం వదిలెయ్యండి. ఇద్దరూ పెళ్లికొడుకులే. ఒక ఫొటోలో ఒకరు నిలబడి ఇంకొకరు కూర్చుంటే, తర్వాతి ఫొటోలో తిరగెయ్యండి.

మామూలు కేటలాగులో రోజుకి ఇరవై ముప్పై డ్రెస్సులు లాగిస్తారు. ఈ షూట్‌కి నాలుగుకు మించి పెట్టుకోకండి. ఒక్కోదానికి గంటా గంటంపావు పడుతుంది. సెట్లో అవసరమైన ఆరేడుగురే ఉండాలి. టీ ఇచ్చే కుర్రాళ్లు, పక్క షాపు స్నేహితులు వచ్చి ఫోన్లు ఎత్తితే ఆ రోజు అక్కడితో ముగిసినట్టే.

వాడుక గురించి సంతకం తీసుకునేటప్పుడు ఒక్కొక్కటీ విడిగా అడగండి: షాపులో పోస్టర్, ఇన్‌స్టాగ్రామ్, పేరుతో ట్యాగ్, హోర్డింగ్. ఇన్‌స్టాగ్రామ్‌కి ఒప్పుకున్న అబ్బాయే ద్వారకానగర్ హోర్డింగ్‌కి వద్దనొచ్చు, ఆ దారిన రోజూ వాళ్ల మావయ్య స్కూటర్ మీద వెళ్తుంటాడు. అది మోడల్ చెప్పేదాకా మనకి తెలీదు.

గొడవ రావచ్చు, ముందే సిద్ధపడండి. 2021 అక్టోబర్‌లో డాబర్ కంపెనీ తన ఫెమ్ బ్లీచ్ కోసం ఇద్దరు అమ్మాయిలు కర్వాచౌత్ (ఉత్తరాదిలో భార్యలు భర్తల కోసం ఉపవాసం ఉండే పండుగ) జరుపుకుంటున్నట్టు ప్రకటన వేసి, వ్యతిరేకత రాగానే వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పింది. అలా తీసేస్తే నష్టపోయేది కంపెనీ కాదు, ఆ మొహాలు. వేశాక నిలబడతారా అన్నది మీరు ముందే తేల్చుకోండి. నిలబడలేమనుకుంటే షాపు లోపలి పోస్టర్‌తో మొదలుపెట్టండి. కామెంట్లలో బూతు మాటలకి ఫిల్టర్ పెట్టి, మొదటి మూడు రోజులూ ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఫోన్ చేసినవాళ్లెవరికీ మోడళ్ల నంబర్లు ఇవ్వకండి.

ప్రశ్న: మాది రాజమండ్రి, తనది వరంగల్. ముంబైలో మోడలింగ్ చేస్తూ అంధేరీలో మూడేళ్లుగా కలిసి ఉంటున్నాం. చట్టప్రకారం పెళ్లి లేదు. రేపు ఒకరికి ఏమైనా అయితే రెండోవాళ్ల గతేంటి?

2021 డిసెంబర్‌లో హైదరాబాద్ శివార్లలో బంధుమిత్రుల ముందు పెళ్లి వేడుక చేసుకున్న మగ జంట సుప్రియో, అభయ్‌లు చట్టబద్ధత కోసం సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2023 అక్టోబర్ 17న అయిదుగురు జడ్జిల ధర్మాసనం పెళ్లి హక్కు ఇవ్వడం కుదరదని, అది పార్లమెంటు పని అని చెప్పింది. అంచేత భార్యాభర్తలకి తనంతట తానే వచ్చేది మీకు ఒక్కొక్కటిగా కాగితం మీద రాసుకుంటేనే వస్తుంది.

ఇల్లు: మహారాష్ట్రలో 11 నెలల లీవ్ అండ్ లైసెన్స్ (అద్దె ఒప్పందం) కూడా తప్పనిసరిగా రిజిస్టర్ చెయ్యాలి. అందులో ఇద్దరి పేర్లూ వేయించండి. ఒక్కరి పేరే ఉంటే, ఆ ఒక్కరూ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఓనరు రెండోవారిని బయటికి పొమ్మంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

బ్యాంకు: జాయింట్ ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థికశాఖ స్పష్టం చేసింది. బ్రాంచిలో "చుట్టరికం" గడి దగ్గర ఆగిపోతే ఆ ప్రకటన ప్రింట్ తీసి చూపించండి. ఖాతా "ఐదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే రెండోవారు డబ్బు తీసుకోగలిగేలా ఉండాలి.

కానీ నామినీ అంటే సొంతదారు కాదు. డబ్బు చేతికి తీసుకుని వారసులకి అప్పజెప్పే మనిషి, అంతే. షేర్ల విషయంలో 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. జీవిత బీమాలో తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీ అయితేనే డబ్బు వాళ్ల సొంతం. మీరు ఆ జాబితాలో లేరు. వీలునామా లేకుండా పెళ్లికాని హిందూ మగవాడు పోతే ఆస్తి ముందు తల్లికి వెళ్తుంది, భాగస్వామికి చిల్లిగవ్వ రాదు. కాబట్టి ఇద్దరూ విడివిడిగా వీలునామా రాసుకోండి. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తే చాలు, స్టాంపు పేపర్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి, తర్వాత ఇంట్లోవాళ్లు "దొంగ సంతకం" అనడం కష్టమవుతుంది. సాక్షులుగా ఆస్తిలో వాటా లేనివాళ్లనీ, మీకంటే చిన్నవాళ్లనీ పెట్టుకోండి. మోడళ్లు మర్చిపోయేది ఇంకొకటుంది: రావలసిన పారితోషికాలు, ఫొటోల వాడుక మీద వచ్చే డబ్బు. అవి కూడా వీలునామాలో పేరుపెట్టి రాయండి.

ఆసుపత్రి: మానసిక చికిత్స విషయంలో 2017 చట్టం 14వ సెక్షన్ కింద ఎవరినైనా ప్రతినిధిగా తెల్లకాగితం మీద రాసుకునే హక్కుంది. మిగతా చికిత్సలకి "అత్యవసరమైతే వీరిని సంప్రదించండి" అన్న ఉత్తరం ఇద్దరి పర్సుల్లో ఉంచండి. డాక్టర్లు దానికి కట్టుబడి తీరాలని చట్టం లేదు గానీ, చేతిలో ఏమీ లేకపోవడం కంటే అది చాలా నయం. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భౌతికకాయాన్ని భాగస్వామికి అప్పగించేలా చూడాలని 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకి రాసింది. రాజమండ్రీ వరంగల్ నుంచి మీవాళ్లు వచ్చేసరికి ఒక రోజు పడుతుంది కాబట్టి అది మీకు చాలా అవసరం.

ప్రశ్న: మా అబ్బాయి మోడలింగ్ చేస్తాడు. తనతో పనిచేసే అబ్బాయిని ప్రేమిస్తున్నానని చెప్పాడు. మావారు డాక్టరుకి చూపిద్దామంటున్నారు, మా అత్తగారు పెళ్లి చేస్తే వాడే సర్దుకుంటాడంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. – తెనాలి

అమ్మా, మీ అబ్బాయికి జబ్బు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మారుస్తామని వైద్యం చెయ్యడం డాక్టర్లకి వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. మందులు, షాకులు, హిప్నాటిజం అంటూ ఎవరైనా డబ్బు అడిగితే రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చెయ్యొచ్చు. పెళ్లి చేస్తే సర్దుకునేది కూడా ఏమీ లేదు. ఏ పాపం ఎరగని ఇంకో ఇంటి ఆడపిల్ల కూడా అందులో నలిగిపోతుంది. ఆ మాట మీ అత్తగారికి మీరే చెప్పాలి. ఆడదానిగా మీరు చెబితే ఆవిడ వింటారు.

ఇంట్లో కట్టిపడేద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఆపండి. 2024 డిసెంబర్‌లో ఇద్దరు యువతుల కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మేజరైన అమ్మాయి తనకు నచ్చిన తోడుతో ఉండొచ్చని, తల్లిదండ్రులు అడ్డుపడకూడదని ఆదేశించింది.

నిద్ర పట్టక మీరు పడే బాధకీ సాయం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీవారిని ఒక్కరోజులో ఒప్పించాలని చూడకండి. అబ్బాయితో మాత్రం ఫోన్ మానకండి. షూట్ ఉన్న రోజుల్లో వాళ్లు పొద్దున్న ఆరింటికే వెళ్లి రాత్రి పదింటికి గానీ రారు, కాబట్టి ఆదివారం మధ్యాహ్నం చెయ్యండి. ఇంతకాలం వాడొక్కడినే "తిన్నావా" అని అడిగి ఉంటారు. ఈసారి ఆ అబ్బాయి పేరు కూడా పెట్టి అడగండి.